పోలీసు అమరుల పేర్ల పలక, పాత రిజిస్టర్లు: రాయగడ వైపు పని ఎక్కడ మొదలుపెట్టాలి?

గుణుపురం_చదువరి:

నమస్కారమండీ. రాయగడ జిల్లాలో ఒక పాత ఠాణా ఆవరణలో గది ఖాళీగా ఉంది. దాన్ని చరిత్ర గదిగా మార్చి, పక్కనే డ్యూటీలో చనిపోయిన పోలీసుల పేర్లతో రాతి పలక పెట్టాలని ఊళ్లోని రిటైరైన పోలీసులు, తెలుగు సంఘం వాళ్లు కలిసి అనుకున్నారు. ఎస్పీ ఆఫీసు నోటిమాటగా సరేనంది. అక్టోబరు 21న, పోలీసు సంస్మరణ దినం నాడే ఆవిష్కరించాలని అందరి పట్టుదల.

ఇప్పటికి దొరికినవి: ఒక బీరువాడు చెదలు పట్టిన రిజిస్టర్లు (పాతవాటిలో చాలా పుటలు తెలుగులో ఉన్నాయి, ఇప్పుడు స్టేషన్లో వాటిని చదివేవాళ్లు లేరు), అద్దానికి అతుక్కుపోయిన గ్రూప్ ఫోటో, రెండు వెండి పతకాలు, పెద్దలు నోటితో చెప్పిన కొన్ని పేర్లు. పేర్లు ఎలా రుజువు చేసుకోవాలి? కాగితాలు లామినేషన్ చేయిస్తే సరిపోతుందా? ఇక్కడి కాంట్రాక్టరు కొండరాయి చవకలో తెస్తానంటున్నాడు, వాడొచ్చా?

దస్త్రాల_దారి:

ముందుగా ఒక్క మాట. నోటి పేర్లతో రాయి చెక్కించకండి. ఈ అక్టోబరు 21కి పేర్ల జాబితా కాగితం మీద అచ్చువేసి ఫ్రేములో పెట్టండి, కింద "పరిశీలనలో ఉంది" అని రాయండి. రాయి వచ్చే ఏడు పెట్టుకోవచ్చు.

మీ ప్రాంతంలో అసలు చిక్కు హద్దులది. 1936 ఏప్రిల్ 1న ఒడిశా వేరే రాష్ట్రం కాకముందు గుణుపురం, రాయగడ, జయపురం అన్నీ మద్రాసు ప్రెసిడెన్సీలోని విశాఖపట్నం జిల్లా. అప్పటి నుంచి 1992 దాకా కొరాపుట్ జిల్లా. ఆ తర్వాత గుణుపురం, రాయగడ కొత్త రాయగడ జిల్లాలోకి వచ్చాయి, జయపురం కొరాపుట్‌లోనే ఉండిపోయింది. అంటే 1930లో చనిపోయిన కానిస్టేబుల్ కాగితం మద్రాసు లెక్కలో ఉంటుంది, 1960లో పోయినతనిది కొరాపుట్ రిజర్వ్ ఆఫీసులో ఉంటుంది. పర్లాకిమిడి వైపు ఇంకా తమాషా. ఇప్పుడు శ్రీకాకుళం జిల్లాలో ఉన్న ఇచ్ఛాపురం, సోంపేట అప్పట్లో గంజాం జిల్లా. కాబట్టి పాత గంజాం జాబితాలో పేరు కనబడిందని ఆ మనిషి ఇప్పటి ఒడిశా నేల మీదే చనిపోయాడని అనుకోకూడదు. ప్రతి పేరుకూ "చనిపోయిన రోజున ఆ ఠాణా ఏ జిల్లా కింద ఉంది" అన్న గడి పెట్టుకోండి. సగం గందరగోళం అక్కడే తీరిపోతుంది.

మనిషికొక కాగితం తెరవండి: పేరు, తండ్రి పేరు, హోదా, నంబరు, జిల్లా, చనిపోయిన తేదీ, స్థలం, కారణం, రెండు ఆధారాలు. ఆ రెండూ ఒకదాన్ని చూసి ఇంకొకటి రాసినవి కాకూడదు. పత్రికలో వచ్చిన వార్త, దాన్ని చూసి రాసిన సావనీరు కలిపితే ఒక్క ఆధారమే. పనికొచ్చేవి: ఎఫ్ఐఆర్, శవపంచనామా, జిల్లా ఆర్డర్ బుక్కు (డి.ఓ. బుక్కు అంటారు), సర్వీసు బుక్కు, కుటుంబ పెన్షన్ ఫైలు, గెజిట్, పోలీసు శాఖ వార్షిక పాలనా నివేదిక. జనరల్ డైరీల మీద ఆశ పెట్టుకోవద్దు, గడువు దాటినవాటిని నాశనం చేస్తారు. 1936కు ముందువాటికి చెన్నై ఎగ్మూరులోని తమిళనాడు ఆర్కైవ్స్‌లో ఫోర్ట్ సెయింట్ జార్జ్ గెజిట్, మద్రాసు పోలీసు వార్షిక నివేదికలు అడగండి. తర్వాతివాటికి భువనేశ్వర్‌లోని ఒడిశా స్టేట్ ఆర్కైవ్స్, కటక్‌లోని పోలీసు ప్రధాన కార్యాలయం.

కానిస్టేబుల్ నంబరును నమ్మేటప్పుడు జాగ్రత్త. అది జిల్లాకు చెందిన నంబరు, ఒకరు వెళ్లిపోయాక ఇంకొకరికి ఇస్తారు. నంబరు, జిల్లా, సంవత్సరం మూడూ కలిస్తేనే మనిషి తేలతాడు. పేర్లూ అంతే. మద్రాసు కాగితంలో ఇంటిపేరు ఒక్క అక్షరంగా ముందుంటుంది, ఒడిశా కాగితంలో అదే చివరికి వెళ్తుంది, ఒక్కోసారి కులం పేరు వచ్చి చేరుతుంది. ఒకే మనిషి ఇద్దరుగా పలక ఎక్కేది ఇలాగే.

తేదీ తేడాలు ఎక్కువగా ఆసుపత్రి దగ్గర వస్తాయి. ఏజెన్సీలో గాయపడి విశాఖ కింగ్ జార్జ్ ఆసుపత్రిలోనో, బరంపురం ఆసుపత్రిలోనో చనిపోతే మరణ నమోదు ఆ ఊళ్లో ఉంటుంది, ఎఫ్ఐఆర్ మీ ఠాణాలో ఉంటుంది. పలక మీద చనిపోయిన తేదీయే వేయాలి, ఘటన తేదీ కాదు.

ఎవరిని చేర్చాలో ముందే కాగితం మీద నిర్ణయించి సంతకాలు తీసుకోండి. కాల్పుల్లో పోయినవాళ్లు, డ్యూటీ ప్రయాణంలో ప్రమాదంలో పోయినవాళ్లు, ఏజెన్సీ జ్వరంతో పోయినవాళ్లు ఒకే జాబితానా, వేర్వేరా? హోంగార్డులు, గ్రామ రక్షకులు, పాత తలారులు ఉంటారా? ఇది తేల్చకుండా మొదలుపెడితే ఆవిష్కరణకు వారం ముందు గొడవ ఖాయం. ఉదాహరణకు 1942 ఆగస్టు 21న, క్విట్ ఇండియా ఉద్యమంలో జనం మీద పోలీసు కాల్పులు జరిగిన మత్తిలి ఠాణా దగ్గర చనిపోయిన జి. రామయ్య ఫారెస్టు గార్డు, పోలీసు కాదు. ఆ కేసులోనే ఆదివాసీ స్వాతంత్ర్య యోధుడు లక్ష్మణ్ నాయక్‌ను 1943 మార్చి 29న బరంపురం జైల్లో ఉరితీశారు. చరిత్ర గది పెట్టేటప్పుడు ఇలాంటి ఘటనలో ఠాణా వైపు మాటే రాసి, కాల్పుల్లో పోయిన జనాన్ని వదిలేస్తే చూడవచ్చినవాళ్లు ఒప్పుకోరు. ఒప్పుకోకూడదు కూడా.

కాగితం_వైద్యం:

లామినేషన్ మాట మర్చిపోండి. వేడికి ప్లాస్టిక్ జిగురు కాగితం లోపలికి దిగుతుంది, మళ్లీ ఊడదీయడం కుదరదు. పాత సిరాలో ఇనుము, ఆమ్లం ఉంటాయి, ప్లాస్టిక్ లోపల మూసేస్తే అక్షరాల చోట కాగితం చిల్లులు పడుతుంది. సెల్లోటేపు, ఫెవికాల్ కూడా వద్దు.

చేయాల్సిన వరుస ఇది. చెదలు, వెండిపురుగు ఉన్న రిజిస్టర్లను ముందు వేరే గదిలోకి మార్చండి. గాలి తగలని చోట, తెల్ల కాగితం పరిచి, మాస్కు పెట్టుకుని, మెత్తటి అంగుళం బ్రష్‌తో కుట్టు దగ్గర నుంచి బయటికి మట్టి దులపండి. అతుక్కున్న పుటలను గోటితో లాగొద్దు, అలాగే ఉంచి గుర్తు పెట్టండి. పురుగు బతికి ఉంటే ఒక్కో రిజిస్టరును పాలిథిన్ సంచిలో గాలి తీసి సీలు వేసి మైనస్ 20 డిగ్రీల డీప్ ఫ్రీజర్‌లో రెండు వారాలు ఉంచండి. బయటికి తీశాక ఒక రోజంతా సంచి విప్పకూడదు. విప్పితే చల్లటి కాగితం మీద తేమ పట్టి, పురుగు పోయి బూజు వస్తుంది. ఇంట్లో ఫ్రిజ్ పైఅర సరిపోదు, అంత చల్లబడదు. ఫోటోలను, ముఖ్యంగా అద్దానికి అతుక్కున్నవాటిని ఫ్రీజర్‌లో పెట్టనే వద్దు.

నాఫ్తలీన్ ఉండలు, వేపాకు రెండూ తీసేయండి. మొదటిది ఫోటోలకు చేటు, రెండోది మరకలు వేస్తుంది. ఇనుప అరలు గోడకు మూడంగుళాలు, నేలకు ఆరంగుళాలు ఎడంగా ఉండాలి. వానాకాలంలో మీ వైపు గాలిలో తేమ తగ్గదు కాబట్టి ఒక తేమ మీటరు కొనండి, 60 శాతం దాటకుండా చూడండి. పగలు ఏసీ వేసి రాత్రి ఆపేయడం కంటే అసలు వేయకపోవడమే నయం, ఆ ఎక్కుదిగుళ్లే కాగితాన్ని చంపుతాయి.

కుట్టిన రిజిస్టర్లను బోర్లించి స్కానర్ మీద నొక్కితే వెన్ను విరుగుతుంది. పైనుంచి స్టాండు కెమెరాతో తీయండి. కనీసం 300 డీపీఐ, పెన్సిలు రాతకు 400. మొదటి ఫ్రేములో స్కేలు పెట్టండి. ఖాళీ పుటలు కూడా తీయాలి, లేకపోతే తర్వాత పుట పోయిందా లేదా అన్న అనుమానం వస్తుంది. టిఫ్ (నాణ్యత తగ్గని చిత్రం ఫైలు) అసలు ప్రతి రెండు డిస్కుల్లో వేర్వేరు కట్టడాల్లో ఉండాలి, ఒకటి ఎస్పీ ఆఫీసుకు ఇవ్వండి. తెలుగు పుటలు చదివిపెట్టడమే మీ సంఘం చేయగల అసలు సాయం. చదివిన ప్రతి పుటకూ ఒడియా, ఇంగ్లీషుల్లో రెండేసి వరుసల సారాంశం జత చేయండి, ఐఐసి (ఠాణా బాధ్యుడైన ఇన్‌స్పెక్టర్) మారినా పని ఆగదు.

గ్రూప్ ఫోటోను అద్దం నుంచి లాగితే ముఖాలు అద్దానికే ఉండిపోతాయి. నీళ్లలో నానబెట్టడమూ వద్దు. అద్దంతో సహా, రెండు పక్కల నుంచి వాలుగా దీపాలు పెట్టి కెమెరాతో తీయండి. ఆ ప్రతి మీద మనుషులకు నంబర్లు వేసి పెద్దలకు చూపించండి.

పతకాలను చింతపండుతో, బ్రాసోతో తోమొద్దు. 1909 నుంచి ఇచ్చిన కింగ్స్ పోలీస్ మెడల్, 1932 నాటి ఇండియన్ పోలీస్ మెడల్ అంచు మీద గ్రహీత పేరు చెక్కి ఉంటుంది. మీకు దొరికిన అతి బలమైన ఆధారం అదే కావచ్చు, తోమితే మొదట అరిగేది అంచే. భూతద్దంతో చదివి, ఫోటో తీసి, ఆమ్లం లేని కాగితంలో చుట్టి దాచండి.

గుణుపురం_చదువరి:

చాలా సంగతులు తెలిశాయి. లామినేషన్ ఆపించాను. పెన్షన్ ఫైళ్లు సంఘానికి చూపించరట, ఏం చేయాలి? రాయి సంగతి కూడా ఎవరైనా చెప్పండి.

రాతిపని_బరంపురం:

కొండరాయి అంటే మీ వైపు ఖొండలైటే అయివుంటుంది. కోణార్క్ గుడి కట్టింది ఎక్కువగా దానితోనే, అక్కడి శిల్పాలు ఎలా అరిగాయో చూస్తే చాలు. లోపలి ఫెల్‌స్పార్ అనే ఖనిజం వానకు మెత్తటి తెల్ల బంకమట్టిగా మారుతుంది, చిన్న అక్షరం నిలవదు. దిమ్మెకు కావాలంటే వాడండి, పేర్లకు మాత్రం నల్ల గ్రానైట్, కనీసం 30 మిల్లీమీటర్ల మందం.

ఒకే పెద్ద పలక వద్దు. రెండడుగులు బై మూడడుగుల ముక్కలుగా తీసుకోండి, తప్పు దొర్లితే ఒక్క ముక్క మార్చుకోవచ్చు. ఇనుప క్లిప్పులు తుప్పుపట్టి ఉబ్బితే రాయి అంచు పగులుతుంది, స్టెయిన్‌లెస్ స్టీల్ పిన్నులే వాడాలి. వెనక సెంటీమీటరు ఖాళీ, కింద నీరు పోయే దారి ఉంచండి.

అక్షరాల దగ్గరే ఎక్కువ చెడుతుంది. చెక్కే షాపుల్లో తెలుగుకు అను, ఒడియాకు ఆకృతి లాంటి పాత ఫాంట్లు ఉంటాయి. మీరు వాట్సాప్‌లో పంపిన యూనికోడ్ పేరు అక్కడ అతికిస్తే ఒత్తులు విడిపోతాయి, గుణింతాలు పక్కకు జరుగుతాయి. అక్షరాలను గీతలుగా మార్చిన పీడీఎఫ్ ఇవ్వండి. తెలుగు, ఒడియా అక్షరం ఎత్తు 30 మిల్లీమీటర్లకు తగ్గితే ఒత్తులు పూడిపోతాయి. చెక్కేముందు అసలు సైజులో కాగితం ముద్ర తీసి, ప్రతి కుటుంబం చేత తమ పేరు చదివించి సంతకం తీసుకోండి.

పేర్లను హోదా ప్రకారం కాదు, చనిపోయిన తేదీ ప్రకారం పెట్టండి. క్రమసంఖ్య వేయకండి, రేపు 1928 నాటి పేరు ఒకటి దొరికితే మధ్యలో పెట్టాలి కదా. ప్రతి ముక్కలోనూ కింద మూడోవంతు ఖాళీ వదలండి.

దస్త్రాల_దారి:

పెన్షన్ ఫైలు మీకు చూపించకపోవడం సబబే. ఫైలు అడగొద్దు, అందులోని పేరు, హోదా, చనిపోయిన తేదీ సరిచూసి చెప్పమని ఎస్పీ గారికి లేఖ పెట్టండి. కుదరకపోతే సమాచార హక్కు కింద, ఒడిశా నిబంధనల్లోని దరఖాస్తు ఫారం-ఎలో అడగండి. ఘటన జరిగి 20 ఏళ్లు దాటితే ఆ చట్టం సెక్షన్ 8(3) (అంత పాత సమాచారానికి చాలా మినహాయింపులు వర్తించవనేది) మీకు సాయం చేస్తుంది. కుటుంబాల చిరునామాలు, పిల్లల ఫోటోలు గదిలో ఎక్కడా పెట్టవద్దు, ఇది మావోయిస్టు ఘటనలు జరిగిన ప్రాంతం.

మల్కన్‌గిరి వైపు వాళ్లు కూడా ఇది చదువుతుంటే ఒక సంగతి. 2008 జూన్ 29న బలిమెల జలాశయంలో పడవ మీద దాడిలో చనిపోయిన 38 మందిలో ఎక్కువమంది ఆంధ్రప్రదేశ్ గ్రేహౌండ్స్ వాళ్లు. ఘటన జరిగింది ఒడిశాలో, సర్వీసు కాగితాలు హైదరాబాద్‌లో, 2014 తర్వాత రెండు రాష్ట్రాల మధ్య పంచుకున్నవి. వాళ్లను జిల్లా జాబితాలో కలిపేస్తే రెండుచోట్ల లెక్క తప్పుతుంది. ఘటన స్థలం పేరుతో వేరే ముక్క పెట్టి, ఏ దళం వాళ్లో రాయాలి. అదే ఏడాది జులై 16న అదే జిల్లాలో మందుపాతరకు బలైనవాళ్లు ఒడిశా పోలీసులు, వాళ్లు జిల్లా జాబితాలోకే వస్తారు.

అక్టోబరు 21న పరేడ్‌లో చదివే జాబితా, మీ పలక జాబితా ఒకటి కాదని సంఘం వాళ్లకు ముందే చెప్పండి. పరేడ్‌లో చదివేది గడిచిన సెప్టెంబరు 1 నుంచి ఆగస్టు 31 వరకు దేశమంతటా చనిపోయినవాళ్ల పేర్లు. పాత పేర్లు కూడా చదవాలంటే శోక్ శస్త్ర (తుపాకులు తలకిందులుగా పట్టి చేసే సంతాప వందనం), రెండు నిమిషాల మౌనం అయ్యాక, పరేడ్ ముగిసిన తర్వాత పలక దగ్గర విడిగా చదవండి. దానికి రిజర్వ్ ఇన్‌స్పెక్టర్‌తో కనీసం నెల ముందు మాట్లాడాలి, బ్యూగిల్ వాయించేవాళ్లు ఆ రోజు జిల్లా కేంద్రానికే వెళ్తారు.