బొమ్మల షాపు అద్దం ముందు పిల్లాడు: ఆ ఫోటో ఎవరి వైపు నుంచి తీసింది?

నలుపుతెలుపు:
1940ల నుంచి 60ల దాకా పారిస్, న్యూయార్క్ వీధుల్లో తీసిన పిల్లల ఫోటో ఏది కనబడినా "ఆహా, బాల్యం" అంటూ షేర్ చేసేస్తారు. నాకేమో వాటిలో చాలావరకు ప్రకటనల్లాగే ఉంటాయి. బొమ్మల షాపు అద్దానికి ముక్కు ఆనించిన పిల్లాడి మొహం ఎదురుగా పడాలంటే కెమెరా ఎక్కడుండాలి? షాపు లోపల, యజమాని గిరాకీని చూసే చోట. 1948లో ఫ్రెంచ్ ఫోటోగ్రాఫర్ రొబేర్ ద్వానో పారిస్‌లో ఒక షాపు లోపల కెమెరా దాచి, కిటికీలో పెట్టిన నగ్నచిత్రం వైపు దొంగచూపులు చూసే పెద్దవాళ్లను ఇలాగే పట్టేశాడు. అవి చూసి నవ్వుకుంటాం. అదే పిల్లలైతే అమాయకత్వం అంటాం, ఎందుకో!

గల్లీక్లిక్:
అందర్నీ ఒకే గాటన కట్టేయకండి గురువుగారూ. హెలెన్ లెవిట్ 1940 ప్రాంతంలో న్యూయార్క్‌లో తీసింది చూడండి. ఇద్దరు పిల్లలు పగిలిన అద్దం తాలూకు ఖాళీ ఫ్రేము నిలబెట్టి పట్టుకున్నారు, కింద ఇంకొందరు వంగి గాజుపెంకులు ఏరుతున్నారు, ఫ్రేములోంచి సైకిల్ మీద ఓ బుడ్డోడు. ఇందులో అమ్మేదేముంది, కొనేదేముంది?

నలుపుతెలుపు:
ఏమీ లేదు కాబట్టే అది వేరు. కానీ పోస్టర్లుగా అమ్ముడుపోయేది విల్లీ రోనిస్ 1952 ఫోటో, చంకలో పొడుగాటి రొట్టెతో పరిగెత్తే పిల్లాడు. రొట్టెల కొట్టు క్యూలో వాళ్ల బామ్మను అడిగి, పిల్లాడిని పరిగెత్తించి తీసిందది. ఆ సంబరం ఏర్పాటు చేసిందేగా?

రీలుబాబు:
ఏర్పాటు చేస్తే అబద్ధమైపోతుందా అన్నా? ఫ్రాన్స్‌లో 1949 దాకా రొట్టెకి రేషన్. మూడేళ్లు తిరిగేసరికి దాదాపు తనంత పొడుగున్న రొట్టె పట్టుకుని పిల్లాడు ఉరుకుతుంటే జనం మురిసిపోరా మరి, దాన్ని కూడా మార్కెటింగ్ అంటే కడుపు నిండినవాడి విమర్శలా ఉంది, ఏమనుకోకు. ఇంకోటి, నువ్వు షాపు లోపలా బయటా అని రెండే చోట్లు లెక్కేశావు. షికాగోలో ఆయాగా పనిచేసిన వివియన్ మేయర్ రోలీఫ్లెక్స్ అనే కెమెరా వాడేది. దాన్ని నడుం దగ్గర పట్టుకుని పైనుంచి కిందకి చూసి నొక్కాలి, అంటే లెన్సు పిల్లల కళ్ల ఎత్తుకే వస్తుంది.

నలుపుతెలుపు:
ఎత్తు సంగతి సరే. ఆవిడ ఆ ఫోటోల్ని దాదాపు ఎవరికీ చూపించుకోలేదు కూడా. 2007లో నెగెటివ్‌లు వేలానికొచ్చాకే బయటి లోకానికి తెలిశాయి, ఇప్పుడు ప్రింట్లు గ్యాలరీల్లో అమ్ముతున్నారు. కొంటున్నది ఎవరంటావ్?

గల్లీక్లిక్:
అది గ్యాలరీల గొడవ, ఆవిడకేం సంబంధం? షాపు అద్దాల్లో ఆవిడ తన ప్రతిబింబమే ఎన్నోసార్లు తీసుకుంది. మీ లోపల-బయట సిద్ధాంతంలో అవి ఎక్కడ పడతాయో ముందు చెప్పండి.