సునాబేడ చుట్టుపక్కల లారీలు లేని మట్టిదారులు: సైకిల్‌తో వచ్చిన కొత్తవారికి

పెద్దలందరికీ నమస్కారం. మాది హైదరాబాదు. ఉద్యోగం వల్ల ఈమధ్యే ఒడిశాలోని సునాబేడ వచ్చాను. నా దగ్గర 40 మిల్లీమీటర్ల టైర్లున్న గ్రావెల్ సైకిల్ (మట్టి, కంకర దారుల కోసం చేసింది) ఉంది. హైవే మీద కొరాపుట్ వైపు వెళ్ళి చూశాను. లారీలు ఒరుసుకుంటూ పోతుంటే కొండలు చూసే ధైర్యం రాలేదు. అడవిలో, కొండల మధ్య, బండ్లు తిరగని మట్టిరోడ్లు, కంకర రోడ్లు ఎటువైపు ఉన్నాయి? ఒంటరిగా వెళ్ళవచ్చా? ఒడియా రాదు.
— కొత్తగా వచ్చినవాడిని, సునాబేడ

బాబూ, హైవే మానేయడం మంచి పని. 26వ నంబరు జాతీయ రహదారి విజయనగరం నుంచి సాలూరు ఘాటీ ఎక్కి, సునాబేడ, కొరాపుట్, జయపురం మీదుగా బర్‌గఢ్ పోతుంది. ఈ కొండల్లోకి వచ్చే సరుకులో చాలా భాగం దాని మీదే. సైకిల్‌కు అక్కడ చోటు లేదు.

దాన్ని వదిలి ఎటు తిరిగినా ఖాళీ దారే. నేను ఇక్కడే ఉద్యోగం చేసి ఇక్కడే స్థిరపడ్డవాడిని కాబట్టి ఒక్క మాట గట్టిగా చెబుతాను. ఖాళీగా ఉన్న ప్రతి దారికీ ఒక కారణం ఉంటుంది. అది కనుక్కున్న తరువాతే సైకిలెక్కు. కొన్ని కారణాలు నీకు వరం, కొన్ని ప్రమాదం, మరికొన్ని మర్యాదకు సంబంధించినవి.

వరమైనవి ముందు చెబుతాను. దారి ఒక ఊరితో ఆగిపోతుంది, ఆపైన కొండే. అందుకే అటు బండ్లు పోవు. 2000లో ప్రధానమంత్రి గ్రామ సడక్ యోజన వచ్చాక కొండప్రాంతాల్లో 250 మంది జనాభా ఉన్న ఊళ్ళకు కూడా రోడ్డు వేయవచ్చన్నారు. అలా తారు పడిన సన్నరోడ్డు ఒక ఊరి దాకా వెళుతుంది. అక్కడి నుంచి పై గూడేలకు ఎర్రమట్టి బాట. నీ సైకిల్ పుట్టింది ఆ బాట కోసమే. నందపురం, లమతాపుట్ వైపు ఇలాంటివి బోలెడు. పల్లంలో మెట్లు మెట్లుగా వరి మళ్ళు, వాలు మీద చోళ్ళు, వర్షాలు వెనక్కి తగ్గాక వలిసె పూల పసుపు. సంప్రదాయ వ్యవసాయ వారసత్వంగా కొరాపుట్‌ను ఐక్యరాజ్యసమితి ఆహార సంస్థ 2012లో గుర్తించింది ఈ మళ్ళను, ఇక్కడి విత్తనాలను చూసే.

దట్టమైన అడవి కావాలంటే మాత్రం ఈ పీఠభూమి మీద ఆశ పెట్టుకోకు. పోడు కొట్టిన గుట్టలు చాలావరకు బోడిగా ఉంటాయి. అడవి చూడాలంటే జయపురం దిగి, బొయిపరిగుడ దాటి, గుప్తేశ్వరం వైపు పో. అది సాల వృక్షాల అడవి. ఎండాకాలంలో కూడా నీడ దొరుకుతుంది. శివరాత్రికి, శ్రావణ సోమవారాలకు అటు తిరగకు. కాలు పెట్టే సందు ఉండదు.

ఇక ప్రమాదమైనవి. రోడ్డు వేస్తూ మధ్యలో ఆపేసిన దారి చూడ్డానికి చక్కగా ఉంటుంది. వెడల్పుగా, నిటారుగా, ఒక్క బండి కూడా లేకుండా. దగ్గరికి వెళితే గుప్పెడంత రాళ్ళు రోలరు పడకుండా పరిచి ఉంటాయి. దాని మీద ఏ టైరూ నిలవదు. ఎక్కేటప్పుడు వెనక చక్రం ఊరికే తిరుగుతుంది, దిగేటప్పుడు ముందు చక్రం పక్కకు జారుతుంది. అలాంటి చోట ఊరివాళ్ళు పక్కనే పొలంగట్టు మీదుగా కొత్త కాలిబాట చేసుకుని ఉంటారు. వాళ్ళు ఎటు నడుస్తున్నారో అటే నువ్వూ సైకిల్ నడిపించుకుని పో.

జలాశయాల ఒడ్డు మరొకటి. ఎగువ కొలాబ్, జలాపుట్ రెండూ వర్షాకాలం చివరికి నిండుతాయి, వేసవికి దిగిపోతాయి. ఏప్రిల్‌లో సైకిల్ తొక్కిన ఒడ్డు అక్టోబరులో నీళ్ళ కింద ఉంటుంది. ఫోనులోని మ్యాపుకు ఈ సంగతి తెలియదు, గీత చూపిస్తూనే ఉంటుంది.

దమన్‌జోడి వైపు పంచపట్‌మలి గనుల దారులు కూడా ఖాళీగానే కనిపిస్తాయి. అక్కడి బాక్సైట్ కొండ మీది నుంచి కర్మాగారానికి 14 కిలోమీటర్లకు పైగా సాగే కన్వేయర్ బెల్టు మీద వస్తుంది. దాని పక్క దారి నీది కాదు, కాపలా ఉంటుంది. గేటు దగ్గర వాదన పెట్టుకోకుండా తిరిగిపో.

మర్యాద సంగతికి వస్తే, మాచ్‌ఖండ్ పక్కన ఒనకడెల్లిలో గురువారం సంత. బొండా కొండల నుంచి బొండా గిరిజనులు దిగుతారు. మాచ్‌ఖండ్ విద్యుత్కేంద్రం ఒడిశా, ఆంధ్ర రాష్ట్రాల ఉమ్మడి ఆస్తి, 1955 నాటిది. అందువల్ల క్యాంపులో తెలుగు మాట వినబడుతుంది, దుడుమ జలపాతం కూడా దగ్గరే. వెళ్ళు, చూడు. కానీ బొండా స్త్రీల ఫొటోలు తీయకు, వాళ్ళ ఊళ్ళలోకి సైకిల్ తోలకు. దారి ఖాళీగా ఉన్నంత మాత్రాన పిలుపు వచ్చినట్టు కాదు.

పొట్టంగి, సాలూరు మధ్య కొఠియా గ్రామాలు 21. అవి ఎవరివన్న వివాదం 1968లో సుప్రీంకోర్టుకు ఎక్కింది, ఇప్పటికీ తెగలేదు. అక్కడ రెండు ప్రభుత్వాల బోర్డులూ కనిపిస్తాయి. తెలుగులో పలకరిస్తే తెలుగులోనే జవాబు వస్తుంది. సైకిల్ మీద వచ్చినవాడిని ఎవరూ ఏమీ అనరు గాని, ఎన్నికల రోజుల్లో, ఉద్రిక్తత ఉన్నప్పుడు ఆ వైపు వద్దు. గుర్తింపు కార్డు ఎప్పుడూ జేబులో ఉండాలి. ఈ జిల్లాల్లో భద్రతాదళాల క్యాంపులు ఉన్నాయి. ఆపి అడిగితే ఎక్కడ పని చేస్తున్నావో, ఏ ఊరు పోతున్నావో సూటిగా చెప్పు.

భాష గురించి బెంగ వద్దు. సంతలో సగం మందికి తెలుగు వస్తుంది. పై గూడేల్లో మాత్రం రాదు, అక్కడ మాట్లాడేది దేశియా అనే స్థానిక ఒడియా యాస. వెళ్ళాల్సిన ఊరి పేరు పలికి చెయ్యి చూపితే చాలు.
— విశ్రాంత ఉద్యోగి, సెమిలిగుడ

తమ్ముడూ, పెద్దాయన రాయగడను వదిలేశారు, అందుకని నేను రాస్తున్నాను. అడవి కావాలన్నావు కదా, అది మా వైపే ఉంది. కొరాపుట్‌లో రైలెక్కితే సొరంగాలు, వంతెనల మీదుగా రాయగడ దింపుతుంది. సైకిల్‌ను బ్రేక్ వ్యానులో వేయించు. కొరాపుట్ పార్సిల్ కార్యాలయంలో ముందురోజే అడిగి పెట్టుకో. చిన్న స్టేషన్ల నుంచి ఎక్కిద్దామని మాత్రం అనుకోకు.

మజ్జిగౌరమ్మ దర్శనం చేసుకుని (ఆదివారం అయితే శ్రీకాకుళం, విజయనగరం జనమంతా అక్కడే ఉంటారు) బిస్సంకటక్ వైపు వెళితే నియమగిరి కనిపిస్తుంది. ఆ కొండ సంగతి నీకు తెలిసే ఉంటుంది. బాక్సైట్ గని తవ్వాలా వద్దా అని 2013లో సుప్రీంకోర్టు గ్రామసభలనే అడగమంది. పన్నెండు ఊళ్ళూ వద్దన్నాయి. అక్కడి డొంగ్రియా గిరిజనులకు ఆ కొండే దేవుడు. అందుకని అడుగున ఉన్న దారుల్లో ఎంతైనా తిరుగు, పైన డొంగ్రియా ఊళ్ళకు మాత్రం అక్కడివాళ్ళు ఎవరైనా వెంట ఉంటేనే పో. చాటికోన సంత బుధవారం. ఆరోజు పొద్దున్న కొండ దిగే బాటలన్నీ నెత్తిన బుట్టలతో, భుజాన కావళ్ళతో నిండిపోతాయి. వాళ్ళు వాలులో వేగంగా వస్తారు, తలమీది బరువుతో పక్కకు తప్పుకోవడం వాళ్ళకు కష్టం. గంట కొట్టకుండా నువ్వే దిగి గట్టు ఎక్కు.

ఇప్పపూల కాలంలో, అంటే మార్చి, ఏప్రిల్ నెలల్లో, వెలుతురు రాకముందు అడవిలోకి వెళ్ళకు. పూలు రాలేది రాత్రిపూట, ఏరుకునేవాళ్ళు చీకట్లోనే వస్తారు, ఎలుగుబంట్లూ అప్పుడే వస్తాయి. సైకిల్ చప్పుడు చేయదు కదా, మలుపులో ఎదురుపడితే ఎలుగు బెదిరి మీద పడుతుంది. మలుపుల దగ్గర పాటైనా పాడు, ఎలా పాడినా పరవాలేదు. పూలు ఏరడానికి వీలుగా చెట్ల కింద ఆకులు తగలబెడతారు. ఆ నిప్పు పాకి దారికి అడ్డంగా పొగ కమ్మితే ముందుకు పోవద్దు.

మరొకటి, మలేరియా. తేలిగ్గా తీసుకోకు. సాయంత్రానికి పొడుగు చేతుల చొక్కా, రాత్రికి దోమతెర. తిరిగి వచ్చాక రెండు మూడు వారాల్లో ఎప్పుడు జ్వరం తగిలినా అలసట అనుకోకుండా వెంటనే రక్తపరీక్ష చేయించు. హైదరాబాదు వెళ్ళాక వస్తే అక్కడి డాక్టరుకు కొరాపుట్, రాయగడ కొండల్లో తిరిగానని నువ్వే చెప్పాలి.
— రాయగడ నుంచి ఒక అక్క

పర్లాకిమిడి తరఫున నాలుగు ముక్కలు. మహేంద్రగిరి 1,501 మీటర్లు. పైన పాండవుల పేర్లతో పాతకాలపు రాతిగుళ్ళు ఉన్నాయి. మోహన దాటాక చంద్రగిరి దగ్గర 1963 నుంచి టిబెట్ వాళ్ళ స్థావరాలు, మొక్కజొన్న చేలు. ఆ చేల మధ్య దారులు సైకిల్‌కు హాయిగా ఉంటాయి. ఏనుగుల జాగ్రత్త. లఖారీ లోయ అభయారణ్యం మా గజపతి జిల్లాలోనే ఉంది. అక్కడి గుంపులు శ్రీకాకుళం, విజయనగరం దాకా నడిచి వస్తున్నాయి. ఊరివాళ్ళు ఈ పూట అటు వద్దంటే మారు మాట్లాడకుండా వెనక్కి తిరగండి.
— పర్లాకిమిడి

అందరికీ ధన్యవాదాలు. రెండు సందేహాలు. దేవమాలి శిఖరం మీదికి ఎక్కవచ్చా? వర్షాకాలంలో ఈ ఎర్రమట్టి మీద సైకిల్ నడుస్తుందా?
— సునాబేడ కొత్తవాడు

బాబూ, దేవమాలి 1,672 మీటర్లు, ఒడిశాలోకెల్లా ఎత్తు. కానీ ఇప్పుడు రోడ్డు దాదాపు శిఖరం దాకా పడింది. శీతాకాలం శని, ఆదివారాల్లో కార్లు, పాటల పెట్టెలు, ప్లాస్టిక్ పళ్ళాలు. నువ్వు కోరిన ప్రశాంతత అక్కడ వారం మధ్యలోనే దొరుకుతుంది. ఎక్కడం కష్టమే గాని చేయగలవు. జాగ్రత్త దిగేటప్పుడు కావాలి. బ్రేకు అదేపనిగా పట్టి ఉంచితే వేడెక్కి పట్టు తప్పుతుంది. మలుపుకు ముందు గట్టిగా పట్టి, తరువాత వదిలేస్తూ దిగు. ప్యాడ్లు ఒక జత అదనంగా ఉండాలి. గ్రావెల్ సైకిల్ సామాను ఇక్కడి దుకాణాల్లో దొరుకుతుందని నమ్ముకోకు, విశాఖ నుంచి తెప్పించుకో.

వర్షాకాలం నా మాట విని తారు దాటకు. ఎర్రమట్టి తడిస్తే బురదలా జారిపోదు, పిండిలా పట్టుకుంటుంది. టైరుకు అంటి, ఫ్రేముకూ చక్రానికీ మధ్య ఇరుక్కుని, కాసేపటికి చక్రం తిరగడమే మానేస్తుంది. వెదురు పుల్లతో గీకి నాలుగడుగులు వేస్తే మళ్ళీ అదే పని. ఆ మట్టితో గేరు మార్చబోతే వెనక గేరు వంగిపోతుంది. పైగా పొద్దున్న మోకాలి లోతున్న గెడ్డ మధ్యాహ్నం ఎగువన వాన పడితే చప్టా మీది నుంచి పొంగుతుంది. అవతలి ఒడ్డున చిక్కుకుంటే ఆ రాత్రి అక్కడే. దసరా వెళ్ళాక మట్టి గట్టిపడుతుంది. అప్పటి నుంచి ఫిబ్రవరి దాకా నీదే రాజ్యం.

ఆ నెలల్లో టైర్లలో గాలి తగ్గించు. నీ బరువు 70 కిలోల లోపయితే 35 పీఎస్ఐ చుట్టుపక్కల చాలు. నిండుగా కొట్టిస్తే ప్రతి రాయికీ ఎగురుతావు. ట్యూబులు రెండు, చేతి పంపు, అతుకుల సామాను. నీళ్ళు రెండు లీటర్లు మోసుకుపో. దారిలో ఎవరైనా చోడి అంబలి ఇస్తే కాదనకు, దాన్ని మించిన బలం ఏ పొట్లంలోనూ దొరకదు. జీలుగు కల్లు ఇస్తే నమస్కారం పెట్టి తప్పుకో, ఇంకా దిగాల్సిన వాలు ఉంటుంది.

ఒంటరిగా పోవచ్చా అన్నావు. మొదట వద్దు. ఎటు వెళుతున్నదీ ఎప్పటికి తిరిగి వచ్చేదీ ఇంట్లో కాగితం మీద రాసి పెట్టు. కొండ వెనక ఫోను పలకదు. మొదటిసారి శుక్రవారం సెలవు పెట్టుకుని కుందులి సంతకు రా. సంత ముగిశాక ఊళ్ళకు తిరిగిపోయేవాళ్ళ వెనకాల నడిపితే ఏ బాట ఏ గూడేనికి పోతుందో ఏ మ్యాపూ చూపనంత బాగా తెలుస్తుంది. నేను స్కూటరు మీద వస్తాను, నా మోకాళ్ళు సైకిల్‌కు ఒప్పుకోవు. డిసెంబరులో అయితే చేతి తొడుగులు తెచ్చుకో. పొద్దున్న మంచులో బ్రేకు నొక్కడానికి వేళ్ళు వంగవు.
— సెమిలిగుడ