తెమడ రాని పేషెంటుకి టీబీ యాంటీబాడీ పరీక్ష రాయొచ్చా?

పెరంబూర్ క్లినిక్: రక్తంలో టీబీ యాంటీబాడీలు (క్రిమిని ఎదుర్కోడానికి ఒళ్లు తయారుచేసుకునేవి) చూసే కిట్లను 2012లో కేంద్రం నిషేధించింది. నేను అడిగేది చట్టం సంగతి కాదు, వైద్యం సంగతి. రెండు వారాలు దాటిన దగ్గు, సాయంత్రం జ్వరం, ఎక్స్‌రేలో పైభాగాన మచ్చ, తెమడ మాత్రం రాదు. డెంగీకి ఐజీఎం అనే యాంటీబాడీ చూస్తున్నాం కదా, దీనికి చూస్తే తప్పేంటి?

తాంబరం ల్యాబ్: ఆ పోలిక కుదరదు డాక్టర్ గారూ. డెంగీ కొద్ది రోజుల్లో వచ్చిపోయే జబ్బు. టీబీ క్రిమి ఏ జబ్బూ చేయకుండా ఏళ్ల తరబడి ఒంట్లో పడి ఉంటుంది. పాత ఇన్ఫెక్షన్‌కీ, మట్టిలో నీళ్లలో ఉండే దాని జాతి క్రిములకీ యాంటీబాడీలు పుడతాయి. హెచ్‌ఐవీ ఉంటే జబ్బు ముదిరినా పుట్టకపోవచ్చు.

లెక్క కోసం, వెయ్యిమంది దగ్గు పేషెంట్లలో వందమందికి టీబీ ఉందనుకోండి. కిట్ జబ్బున్నవాళ్లలో 70 శాతాన్ని పట్టి, లేనివాళ్లలో 80 శాతానికి సరిగ్గా లేదని చెబుతుందనుకుందాం. పాజిటివ్‌లు 250 వస్తే అందులో 180 తప్పు! వాళ్లంతా ఆరు నెలలు లివర్‌ని దెబ్బతీయగల మందులు మింగాలి. వదిలేసిన 30 మంది ఇంట్లోవాళ్లకి అంటిస్తూ తిరుగుతారు. 2011లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఈ పరీక్షలు వద్దన్నది అందుకే.

వేళచ్చేరి: మరి ఇగ్రా? అదీ రక్తపరీక్షే కదా అన్నా.

తాంబరం ల్యాబ్: అది చూసేది యాంటీబాడీని కాదు, టీ కణాలు వదిలే ఇంటర్‌ఫెరాన్ గామాని. నిషేధం లేదు. కానీ పాజిటివ్ వస్తే ఇన్ఫెక్షన్ ఉందనే అర్థం, జబ్బు ఉందని కాదు. పేషెంటుతో ఉండేవాళ్లకి ముందుజాగ్రత్త మందులు ఇచ్చేముందు పనికొస్తుంది, ఇక్కడ కాదు.

అసలు "తెమడ రాదు" అన్న మాటనే ముందు సరిచూడాలి. నీళ్లతో నోరు పుక్కిలించి, రెండు మూడుసార్లు గాలి నిండా పీల్చి, కాసేపు బిగబట్టి, రొమ్ములోంచి దగ్గించాలి. బయట గాలి ఆడేచోటే. 2 నుంచి 5 మిల్లీలీటర్లు కావాలి. నురగగా, పల్చగా ఉంటే అది ఉమ్మే. అప్పటికప్పుడు ఒకటి, తెల్లవారి లేవగానే ఇంకొకటి తీసుకోండి. అయినా రాకపోతే 3 శాతం ఉప్పునీటిని ఆవిరిలా పీల్పించి (నెబ్యులైజ్ చేసి) రప్పిస్తారు. ఆస్తమా ఉంటే ముందు ఊపిరి గొట్టాలు విప్పే సాల్‌బ్యుటమాల్ ఇవ్వాలి. చిన్నపిల్లలకి పరగడుపున కడుపులోంచి తీస్తారు.

పెరంబూర్ క్లినిక్: నెబ్యులైజేషన్ మా ఏసీ గదిలో చేస్తే పక్కవాళ్లకి అంటుకుంటుంది. మాలాంటివాళ్లకి అది కుదిరే పనేనా?

తాంబరం ల్యాబ్: అక్కడ చేయకండి, అది నిజమే. ప్రభుత్వ టీబీ కేంద్రానికి పంపండి, తెమడలో టీబీ క్రిమి జన్యువుని పట్టే సీబీనాట్ గానీ ట్రూనాట్ గానీ అక్కడ ఉచితం. క్రిమి రిఫాంపిసిన్ అనే ముఖ్యమైన టీబీ మందుకి లొంగుతుందో లేదో కూడా సీబీనాట్ రెండు గంటల్లో చెప్పేస్తుంది. అక్కడివాళ్లు ఒక వంతు తెమడకి రెండు వంతులు రీఏజెంట్ (తెమడని కరిగించే ద్రవం) కలిపి, 15 నిమిషాలు ఉంచి, మధ్యలో ఇంకోసారి ఊపాలి. గడ్డలు కరగకుండా ఎక్కిస్తే ఎర్రర్ వస్తుంది. ఎర్రర్ అంటే నెగటివ్ కాదు, మళ్లీ చేయాల్సిందే. మళ్లీ చేయమని అడగడం మర్చిపోకండి.

డబ్బా పంపేటప్పుడు పేరు మూత మీద కాదు, డబ్బా మీద రాయండి. బల్ల మీద పది మూతలు తెరిచినప్పుడు మారిపోయేవి మూతలే.