సమస్యాపూరణం: బరువు పెరిగినపుడు పరుగు పెరిగె

పద్యనావ (నిర్వహణ):
ఈ వారం ఆటవెలది. నాలుగో పాదం ఇస్తున్నాను.

బరువు పెరిగినపుడు పరుగు పెరిగె

విషయం: రేడియోతో నడిపే వేగపు ఎలక్ట్రిక్ నమూనా పడవ, దాన్ని దృఢపరచడం. పాదంలో ఉన్నవి పదిహేను లఘువులు, అంటే అయిదూ నగణాలే. బ–ప యతి. బరువు పెరిగితే వేగం తగ్గాలి కదా, అదే ఇక్కడి చిక్కు. నీటి మీద తేలుతూ దూసుకుపోయే పడవలో ఈ మాట నిజమయ్యే సందర్భాలు ఉన్నాయి, వాటిని పట్టుకోండి. సరళాదేశాలు పాటించకపోయినా ఫరవాలేదు. గణం, యతి తప్పితే మాత్రం చెబుతాను. పడవ సంగతి తప్పినా చెబుతాను.

కొల్లేటిగాలి:

పలుచనైన యడుగు పరుగులో వంగగా
కర్బనంపు గుడ్డ కడుపులోన
పఱచి జిగురు పోయ పడవ గట్టిపడెను
బరువు పెరిగినపుడు పరుగు పెరిగె.

పద్యనావ:
గణాలు, యతులు సరిగ్గా ఉన్నాయి. మొదటి పాదంలోని ‘పరుగు’ సమస్యలో మళ్ళీ వస్తోంది. ‘పయనాన వంగగా’ అంటే సలగణంగా కుదురుతుంది, పునరుక్తి కూడా పోతుంది.

ఈ సమస్య ఇచ్చిందే మీరు చెప్పిన కారణం కోసం. అంగట్లో దొరికే పలుచని ఫైబర్‌గ్లాస్ అడుగు నిలకడగా ఉన్నప్పుడు చదునే. వేగం అందుకున్నాక నీటి ఒత్తిడికి లోపలికి నొక్కుకుపోతుంది. వెనుక అంచు దగ్గర కిందికి వంపు వస్తే ముక్కు నీట్లోకి దిగబడుతుంది. పైకి వంపు వస్తే పడవ ఎగిరెగిరి పడుతుంది. రెండిట్లోనూ మోటారు శక్తి ముందుకు తోయడానికి కాక నీళ్ళు చిమ్మడానికి ఖర్చవుతుంది. పలక మందం రెట్టింపయితే వంగకుండా నిలిచే గుణం ఎనిమిది రెట్లవుతుంది. అందుకే ఒక్క పొర గుడ్డతోనే అంత తేడా.

లెక్క చూడండి. 90 సెంటీమీటర్ల పడవ లోపలి వైశాల్యం పావు చదరపు మీటరు అనుకుందాం. చదరపు మీటరుకు 160 గ్రాములుండే గుడ్డ 40 గ్రాములు పడుతుంది. చేత్తో పరిచే పనిలో ఆ గుడ్డ ఎపాక్సీ జిగురును కూడా ఇంచుమించు అంతే పీలుస్తుంది. మొత్తం 80 గ్రాములు. బ్యాటరీలతో కలిపి రెండున్నర కిలోలుండే పడవకు ఇది మూడు శాతం పైచిలుకు. ఆ 80 గ్రాములు సార్థకం. అయితే పద్యంలోని ‘జిగురు పోయ’ అన్న మాట నాకు నచ్చలేదు. జిగురు పోయకూడదు, పూసి పాత ప్లాస్టిక్ కార్డుతో గీకి మిగులును బయటికి తీసేయాలి. గుడ్డ తడవడానికి మించి ఉన్న జిగురు బలాన్నివ్వదు, బరువునే ఇస్తుంది.

తెరచాప:
కొల్లేటిగాలి గారూ, కడుపంతా కార్బన్ పరిస్తే రేడియో సంకేతాలు అందుకునే రిసీవరు సంగతేమిటండీ? కార్బన్ విద్యుద్వాహకం, 2.4 గిగాహెర్ట్జ్ తరంగాలను అడ్డుకుంటుంది. యాంటెన్నా కొసను చిన్న ప్లాస్టిక్ గొట్టంలో పెట్టి డెక్కు పైకి తీయాల్సిందే. గాజు గుడ్డకూ కెవ్లారు అనే గట్టి పీచు గుడ్డకూ ఈ ఇబ్బంది లేదు. ఇక నా పూరణ:

ముక్కు లేచి పడవ మొగ్గలు వేయగా
సీసబిళ్ళ ముందు చేర్చినంత
మీట నంత నొక్క మీదికి లేవదు
బరువు పెరిగినపుడు పరుగు పెరిగె.

పద్యనావ:
‘మొగ్గలు వేయగా’ చాలా బాగుంది. వేగంలో అడుగు కిందికి గాలి చొరబడి పడవ వెనక్కి తిరగబడటాన్ని ఒక్క మాటలో చూపించారు. ‘సీ–చే’ యతి చెల్లుతుంది. ‘సీసబిళ్ళ’ మాత్రం ‘సీసపుబిళ్ళ’ కావాలి, అలా మారిస్తే గణం చెడుతుంది. ‘సీస మింత ముందు చేర్చినంత’ అనండి, రెండు దోషాలూ పోతాయి.

నేనైతే సీసం జోలికి పోయేముందు బ్యాటరీలను ముందుకు జరుపుతాను. లోతైన వి-ఆకారపు అడుగుకు గురుత్వకేంద్రం వెనుక అంచు నుంచి పొడవులో 30 శాతం దగ్గర మొదలుపెట్టడం మంచిది. 90 సెంటీమీటర్ల పడవకు 27 సెంటీమీటర్లు. బ్యాటరీ పట్టాలను పొడుగ్గా అంటిస్తే చెరువు గట్టునే సర్దుకోవచ్చు. ఎంత జరిపినా చాలకపోతే అప్పుడు సీసం.

సాగరతీరం:

నాల్గు సెల్లు లుంచ నత్తగా నడిచిన
పడవ కాఱు సెల్లు పదిలపఱుప
వోల్టు పెరిగి మరకు పొగరెక్కి తిరుగగా
బరువు పెరిగినపుడు పరుగు పెరిగె.

పద్యనావ:
‘వో–పొ’ యతిని వెతికి పట్టారు. ‘పొగరెక్కి తిరుగగా’ పద్యానికే ప్రాణం. ఇప్పటివరకు వచ్చిన వాటిలో ధార దీనిదే.

పడవగా చూస్తే భయమేస్తుంది. 1500 కేవీ (వోల్టుకు 1500 చుట్లు) మోటారు 4ఎస్ (నాలుగు సెల్లుల) బ్యాటరీ 14.8 వోల్టుల మీద నిమిషానికి 22,200 చుట్లు తిరిగితే, 6ఎస్ 22.2 వోల్టుల మీద 33,300 చుట్లు. ఇది నీటి భారం లేనప్పటి లెక్క. చుట్లు ఒకటిన్నర రెట్లయితే అదే ప్రొపెల్లరు లాగే శక్తి దాని ఘనం, అంటే మూడు రెట్లు దాటుతుంది. ప్రొపెల్లరు మార్చకుండా సెల్లులు పెంచితే ముందు పోయేది మోటారు వేగాన్ని నియంత్రించే ఈఎస్‌సీ. ఆక్ట్యూరా ఎక్స్442 ప్రొపెల్లరు తీసుకోండి: వ్యాసం 42 మిల్లీమీటర్లు, పిచ్ నిష్పత్తి 1.4, అంటే ఒక చుట్టుకు 58.8 మిల్లీమీటర్లు ముందుకు. 33,300తో హెచ్చవేస్తే కాగితం మీద గంటకు 117 కిలోమీటర్లు. జారుడూ మోటారు మందగింపూ తీసేసినా పలుచని పెంకుకు అది చాలా ఎక్కువ. ప్రొపెల్లరు ఇరుసును పట్టి ఉంచే స్ట్రట్ బిగించిన వెనుక గోడకు లోపల ప్లైవుడ్ ముక్క ఎపాక్సీతో అంటించకపోతే బోల్టులతో సహా ఊడి వస్తుంది. మోటారు కింద అడుగు పొడవునా రెండు పట్టాలు కూడా ఉండాలి. ‘పదిలపఱుప’ అన్న మీ మాట సెల్లులకే కాదు, గోడకూ వర్తించాలి.

కొల్లేటిగాలి:
ఇంకొక దారి చూశాను, ఒప్పుకుంటారేమో:

పోటి పడవ మూత పూర్తిగా నూడగా
నీరు చేరి దాని నిండె కడుపు
దాని కట్లు గాగ దక్కెను మన కిట్లు
బరువు పెరిగినపుడు పరుగు పెరిగె.

పద్యనావ:
బరువు ఒకరిది, పరుగు ఒకరిది! అవధానాల్లో పృచ్ఛకులు మెచ్చే విరుపు ఇది. కానీ అర్థం నిలవడం లేదు. వాళ్ళ వేగం తగ్గింది, మన వేగం అంతే ఉంది, పెరిగింది మధ్య దూరమే. మూడో పాదం అన్వయం కూడా రెండుసార్లు చదివితే గాని అందదు. మూత చుట్టూ టేపు సరిగ్గా వేయాలనీ, తిరగబడినా తేలడానికి ముక్కులో ఫోము నింపాలనీ కొత్తవాళ్ళకు గుర్తుచేసినందుకు మాత్రం సంతోషం.

కొత్తచిగురు:
పెద్దలకు నమస్కారం. పడవలు కడతాను, పద్యం కొత్త. తప్పులుంటే దిద్దండి.

కెవ్లారు గుడ్డ తెచ్చి కింద గాజు పరచి
యంచు కుట్టు మీద నతుకు పెట్టి
యొడ్డు రాయి తగుల నొడలు పగులలేదు
బరువు పెరిగినపుడు పరుగు పెరిగె.

పద్యనావ:
రెండు, మూడు పాదాలు నిర్దుష్టం, అభినందనలు. ‘కెవ్లారు’ గురువు, గురువు, లఘువు: తగణం. అది ఇంద్రగణం, ఆటవెలది బేసి పాదంలో నాలుగు, అయిదు చోట్లలోనే ఒదుగుతుంది. అక్కడికే పంపుదాం: ‘కింద గాజు పరచి కెవ్లారు పై వేసి’. కి–కె యతి దానంతటదే కుదిరింది.

పని తెలిసినవారి పద్యమని రెండో పాదమే చెబుతోంది. డెక్కూ అడుగూ కలిసే కుట్టు దగ్గరే పడవలు విచ్చుకుంటాయి, చాలామంది అడుగును బలపరిచి దాన్ని వదిలేస్తారు. కెవ్లారు ఎంపికా సరైనదే: కార్బన్ బిగువు ఇస్తుంది గాని దెబ్బకు పగులుతుంది, కెవ్లారు దెబ్బను ఓర్చుకుంటుంది. ఇక లోటు ఒక్కటే. ఒళ్ళు పగలకపోతే పరుగెందుకు పెరిగింది? ఆ లంకె మూడో పాదంలో చెప్పండి.

తెరచాప:
తమ్ముడూ, లోపలి వైపు 80 నంబరు గరుకు కాగితంతో రుద్ది అసిటోన్‌తో తుడిచాకే గుడ్డ వేశావా? పెంకు పోసిన అచ్చుకు రాసిన మైనం మిగిలి ఉంటే పొర మొత్తం అట్టలా లేచి వస్తుంది.

కొత్తచిగురు:
రుద్దాను, తుడిచాను అన్నా. కెవ్లారు అంచులు మాత్రం కత్తెరకు లొంగక పీచులు లేచాయి, వాటి మీద పలుచని గాజు పట్టీ వేశాను. సవరించిన పద్యం:

కింద గాజు పరచి కెవ్లారు పై వేసి
యంచు కుట్టు మీద నతుకు పెట్టి
భయము వీడి మీట బలముగా నొక్కితి
బరువు పెరిగినపుడు పరుగు పెరిగె.

పద్యనావ:
భ–బ యతి చక్కగా పడింది, కారణమూ దొరికింది. ఈ వారం మొదటి స్థానం మీదే. నీళ్ళలో దించి తీశాక అడుగు మీద స్టీలు స్కేలు ఆనించి, వెలుతురుకు ఎదురుగా పట్టి చూడండి. ఎక్కడైనా సందు కనిపిస్తే ఫొటో పెట్టండి.