యబ్బేజు ప్రార్థనలో చివరి మాట

బైబిల్లో ప్రార్థనతో గుర్తుండిపోయిన యబ్బేజు పేరుకి "వేదన" అనే అర్థమా అని ఒకరు అడిగారు. అచ్చంగా అదే కాదు, దానికి బాగా దగ్గర. 1 దినవృత్తాంతములు 4:9లో తల్లి "వేదనపడి యితని కంటిన"నని చెప్పి ఆ పేరు పెట్టింది. హీబ్రూలో వేదనకు ఆమె వాడిన మాట "ఓత్సెబ్". దాని ధాతువులో అక్షరాల వరుస అయిన్, త్సాదె, బేత్. పేరులో చివరి రెండూ తారుమారయ్యాయి. మన వ్యాకరణంలో వర్ణవ్యత్యయం అంటామే, "నవ్వులాట" "నవ్వుటాల" అయినట్టు, అలాంటిది. పేరు పెట్టి పిలిచినప్పుడల్లా పురిటినొప్పుల సంగతి చెవిన పడాల్సిందే!

అతని ప్రార్థన ఉన్న పదో వచనం మీద ప్రసంగాలన్నీ "నా సరిహద్దును విశాలపరచి" దగ్గరే ఆగిపోతాయి. నాకు మాత్రం చివరి ముక్కే అసలైనది. తెలుగు బైబిల్లో "నాకు కీడు రాకుండ దానిలోనుండి నన్ను తప్పించుము" అని ఉంది. హీబ్రూ మూలంలో కీడుకు దూరంగా ఉంచమని అడిగాక "నాకు వేదన కలగకుండా" అనే అర్థంలో ఇంకో మాట వస్తుంది: "ఓత్స్బీ". తల్లి నోట వచ్చిన ధాతువే, ఈసారి అక్షరాలు సరైన వరుసలో. తన పేరు ఏ మాట మీద పుట్టిందో ఆ మాటనే పట్టుకుని, అది నాకు వద్దని దేవుడి ముందు పెట్టాడన్నమాట. తెలుగులో తొమ్మిదో వచనంలోని "వేదన" పదిలో మళ్ళీ రాదు కాబట్టి ఈ మెలిక మనకు వినపడదు. అనువాదం తప్పని అనను, భావం అందుతూనే ఉంది.

అదే వచనం మొదట్లో యబ్బేజు దేవునికి "మొఱ్ఱపెట్టి" అని ఉంది, ఆ మాట విషయంలో తెలుగు అనువాదకులకే మార్కులు. మూలంలో ఉన్నది "పిలిచాడు" అనే మామూలు క్రియ. మొర పెట్టుకునేవాడికి మొహమాటం ఉండదు, ఈ ప్రార్థన తీరుకి ఆ మాటే అతుకుతుంది. నాకు ఇవ్వదగునా లేదా అన్న సంకోచం ఇందులో ఎక్కడా కనిపించదు.

ఇంకో సంగతి. రాహేలు ప్రాణం పోతుండగా కొడుక్కి "బెనోని" (నా దుఃఖపు కొడుకు) అని పేరు పెడితే, తండ్రి యాకోబు దాన్ని బెన్యామీను అని మార్చేశాడు (ఆదికాండము 35:18). యబ్బేజుకి అలా మార్చినవాళ్ళు లేరు. అతని తండ్రి పేరే ఇక్కడ చెప్పలేదు. అబ్రామును అబ్రాహాము చేసిన దేవుడు కూడా ఇతని పేరు జోలికి పోలేదు, అడిగింది మాత్రం ఇచ్చాడు. తల్లి పెట్టిన పేరు అలాగే ఉంది, "తన సహోదరులకంటె ఘనము పొందినవాడు" అన్న మాట దాని పక్కన చేరింది.

చివరి ముక్కని నేనైతే "కీడు నన్ను వేదన పెట్టకుండా కాపాడు" అని రాస్తాను. వరుస కొంచెం బరువుగా ఉందని తెలుసు. "వేదన" పోకుండా ఇంతకంటే పొట్టిగా కుదిరితే కింద రాయండి.