పప్పుతో కైమా ఉండలు: నానబెట్టి రుబ్బాలా, ఉడికించి మెదపాలా?

కృష్ణాతీరం:
కార్తీక మాసం దగ్గరికొస్తోంది. ఆ నెలంతా మా ఇంట్లో మాంసం వండం. కానీ ఆదివారం పూట మసాలా వాసన రాకపోతే పిల్లలకి ముద్ద దిగదు. అందుకే మసూర్ పప్పుతో కైమా ఉండలు చేసి గసగసాలు, కొబ్బరి మసాలాలో వేస్తుంటాను. ఈ మధ్య వస్తున్న వీడియోల్లో ఎక్కడ చూసినా ఒకటే పద్ధతి: పప్పు ఉడకబెట్టు, మెదుపు, బ్రెడ్ పొడి కలుపు, నూనెలో వేయించు. నాకిది అస్సలు నచ్చదు. పులుసులోనో గ్రేవీలోనో వేసే ఉండకి పప్పు ముందుగా ఉడకబెట్టకూడదు. నానబెట్టి, నీళ్లు పూర్తిగా వార్చి, బరకగా రుబ్బి, ఆవిరి మీద ఉడికించాలి.

ఎందుకంటే పచ్చిపప్పులోని పిండిపదార్థం ఇంకా ఉడకలేదు. ఆవిరి తగిలాక ఉండ లోపలే అది ఉబ్బి చిక్కబడుతుంది, మాంసకృత్తులు గట్టిపడతాయి. ఆ రెండూ కలిసి పలుకుల్ని పట్టి ఉంచుతాయి కాబట్టి వేరే ఏదీ కలపక్కర్లేదు. ఉడికించిన పప్పులో ఈ పని ముందే అయిపోయి ఉంటుంది. దాన్ని ఉండగా నిలబెట్టాలంటే బ్రెడ్ పొడో, ఓట్సో, మైదానో దండిగా వేయాలి. అన్ని వేశాక పప్పు రుచి ఎక్కడ మిగులుతుంది?

ఇది మనకి కొత్త పద్ధతి కూడా కాదు. పాఠోళి చేసే ఇళ్లలో శనగపప్పు నానబెట్టి, రుబ్బి, ఆవిరి పట్టి, చల్లారాక చేత్తో విదుపుతారు. ఆ పొడి చూస్తే కైమా అనే అనుకుంటారు. ఫలాఫెల్ కూడా నానబెట్టిన పచ్చి కాబూలీ శనగలతోనే చేస్తారు. ఉడికిన శనగలు వేస్తే నూనెలో విచ్చిపోతుంది.

మీ ఇళ్లలో ఎలా చేస్తారో చెప్పండి.

చార్మినార్ చాయ్:
కృష్ణాతీరం గారూ, మీతో ఒప్పుకోలేను. మీ ఉండ నిలబడుతుంది, అందులో సందేహం లేదు. కానీ కొరికితే మసాలా వడ తిన్నట్టే ఉంటుంది. కైమా ఉండ మెత్తగా, లోపల తడిగా ఉండాలి. పచ్చిపప్పు రుబ్బి ఆవిరి పట్టింది చల్లారేసరికి పొడిబారి గొంతుకి పట్టేస్తుంది.

మా హైదరాబాద్‌లో షామీ కబాబ్ ఎలా చేస్తారో చూడండి. శనగపప్పు, కైమా, అల్లం, వెల్లుల్లి, ఎండుమిర్చి, గరం మసాలా అన్నీ కలిపి నీళ్లు ఇగిరేదాకా ఉడకబెడతారు. రుబ్బేది ఆ తర్వాతే. మసాలా పప్పు లోపలిదాకా దిగుతుంది. పచ్చిపప్పులో పైపైన కలిపితే అలా దిగదు. టర్కీ వాళ్లు ఎర్ర మసూర్ పప్పు ఉడకబెట్టి, ఆ వేడిలోనే సన్నటి బుల్గుర్ గోధుమ రవ్వ వేసి మూత పెడతారు. పప్పులో మిగిలిన తడిని రవ్వ పీల్చుకుంటుంది. మెర్జిమెక్ కొఫ్తెసి అంటారు దాన్ని. నిమ్మరసం పిండి లెట్యూస్ ఆకులో పెట్టుకుని తింటారు. వేయించే పనే లేదు.

వీడియోల్లో జరిగే పొరపాటు వేరు. పొట్టు తీసిన ఎర్రపప్పుని కుక్కర్లో పెట్టి మూడు విజిల్స్ రానిస్తారు. అది ముద్దైపోక ఏమవుతుంది? పొట్టుతో ఉన్న గుండు మసూర్ తీసుకోండి. మూత లేని గిన్నెలో, గింజ వేళ్ల మధ్య నలిగేటంత వరకే ఉడికించండి. ఇరవై, ఇరవై అయిదు నిమిషాలు చాలు. జల్లెడలో వార్చి, పళ్లెంలో పలచగా పరిచి ఆరనివ్వండి. సగం మెదిపి సగం గింజలుగానే ఉంచండి. పుట్టగొడుగులు సన్నగా తరిగి, నీరంతా పోయి ఎర్రబడేదాకా వేయించి కలపండి. మాంసం రుచికి దగ్గరగా వచ్చేది ఆ పుట్టగొడుగు వల్లే, పప్పు వల్ల కాదు. బ్రెడ్ పొడి బదులు పుట్నాల పొడి వేయండి. మటన్ కైమా ఉండల్లో కూడా మనవాళ్లు వేసేది అదే కదా.

పెరటి కరివేపాకు:
మా ఇంట్లో ఎవరూ మాంసం తినరు. పప్పుతో గారెలు, వడలు, ఆవిరి కుడుములు, పప్పుండల పులుసు ఇన్ని చేసుకుంటాం. వాటిలో దేనికీ మాంసం పోలిక అవసరం రాలేదు. పుట్టగొడుగులు వేసి మాంసం రుచి తెప్పించాలని ఎందుకింత తాపత్రయం? పప్పుని పప్పులా తింటే తక్కువేముంది?

నల్లరేగడి:
కరివేపాకు గారూ, మీకు అవసరం రాలేదు, నిజమే. మా నాన్నకి గుండెకి స్టెంట్ వేశాక డాక్టర్ గారు మటన్ బాగా తగ్గించమన్నారు. అరవై ఏళ్లు ఆదివారం ఆదివారం కైమా తిన్న మనిషి. పప్పుచారు పోసి "ఇదే తిను నాన్నా" అంటే తింటాడు, కాదనడు. కానీ ఇష్టంగా తినడు. అవే లవంగాలు, అదే దాల్చినచెక్క, అదే ధనియాల పొడి, జొన్నరొట్టెతో తుంచుకుని తినడానికి ఒక ఉండ. ఇవన్నీ కంచంలో ఉంటే కడుపునిండా తింటున్నాడు. పోలిక మా నాన్న కోసమండి, పప్పు తక్కువని కాదు.

పద్ధతి సంగతికొస్తే, నేను కృష్ణాతీరం గారి వైపు. నూనెలో ముంచి వేయించకుండా ఆవిరి మీద అయిపోవడం మాకు ముఖ్యం.

పెరటి కరివేపాకు:
నల్లరేగడి గారూ, ఆ కోణంలో నేను ఆలోచించలేదు. నాన్నగారికి ఉప్పు కూడా చూసుకుని వేయండి.

ఆవకాయ జాడీ:
రుచి సంగతి మీరు తేల్చుకోండి. ప్రోటీన్ మాటేమిటి? వంద గ్రాముల పచ్చి మసూర్ పప్పులో సుమారు 24 గ్రాములు ఉంటే, ఉడికించిన పప్పు వంద గ్రాముల్లో 9 దగ్గరే ఉంటుంది. అంటే ఉడికిస్తే నష్టమే కదా? అసలు మీల్ మేకర్ వాడితే ఈ గొడవే ఉండదు. ఎండు మీల్ మేకర్ వంద గ్రాముల్లో 50 గ్రాములకి పైనే ప్రోటీన్. వేడినీళ్లలో నానబెట్టి, పిండి, మిక్సీలో ఒక్కసారి తిప్పితే కైమా రెడీ.

కృష్ణాతీరం:
జాడీ గారూ, నా పద్ధతికి ఓటు పడుతున్నా సరే, ఆ లెక్క మాత్రం ఒప్పుకోలేను. ఉడికితే ప్రోటీన్ ఎక్కడికీ పోదు. పప్పు నీళ్లు తాగి రెండు, రెండున్నర రెట్లు బరువెక్కుతుంది కాబట్టి వంద గ్రాముల్లో వాటా తగ్గినట్టు కనిపిస్తుంది. నా ఉండ కూడా నానినప్పుడు, ఆవిరిలో నీళ్లు తాగేదే. ఎండు పప్పు ఎంత తీసుకున్నామన్నదే లెక్క. మీల్ మేకర్ సంగతీ అంతే, నానాక దాని వాటా కూడా పడిపోతుంది. ఇంకోటి, ప్రోటీన్‌లో ఉండే అమైనో ఆమ్లాల్లో లైసిన్ అనేది పప్పులో బాగా ఉంటుంది, మెథియొనిన్ అనేది తక్కువ. బియ్యం, జొన్న, గోధుమల్లో దానికి తిరగేసి ఉంటుంది. అన్నంతోనో రొట్టెతోనో తింటే రెండూ సరిపోతాయి. బి12 విటమిన్ మాత్రం పప్పులో లేదు. పాలు, గుడ్లు కూడా మానేసినవాళ్లు ఆ సంగతి విడిగా చూసుకోవాలి.

ఇక చాయ్ గారు పొడిబారుతుందన్నారు. దానికి కారణం పచ్చిపప్పు కాదు, కొవ్వు లేకపోవడం. కైమాలో కొవ్వు ఉంటుంది, మసూర్ పప్పులో వందకి ఒక గ్రాము దగ్గరే. ఆ లోటు మనం పూడ్చాలి. నా కొలతలు చెబుతాను.

ఒకటిన్నర కప్పు ఎర్ర మసూర్ పప్పు, అరకప్పు శనగపప్పు. విడివిడిగా నానబెట్టండి. మసూర్‌కి రెండు గంటలు, శనగపప్పుకి మూడు గంటలు. ఆ నీళ్లు పారబోయండి, గ్యాస్ పట్టించే చక్కెరలు కొంత వాటితోనే పోతాయి. జల్లెడలో అరగంట వదిలేయాలి. తడి మిగిలితే ఎన్ని పొడులు వేసినా లాభం లేదు. గుప్పెడు పప్పు పక్కన పెట్టి, మిగతాది చుక్క నీళ్లు పోయకుండా మిక్సీలో ఆపి ఆపి తిప్పండి. మెత్తటి పిండి అయితే చాయ్ గారు చెప్పిన పొడిబారడం నిజంగానే వస్తుంది. ఉల్లిపాయ తురుమును గట్టిగా పిండి, అల్లం వెల్లుల్లి, పచ్చిమిర్చి, ధనియాల పొడి, గరం మసాలా, ఇంగువ, కొత్తిమీర, పుదీనా కలపండి. పక్కన పెట్టిన పప్పు కూడా ఇందులోనే. పది జీడిపప్పులు, రెండు చెంచాల పచ్చికొబ్బరి మెత్తగా నూరి, రెండు చెంచాల నూనెతో సహా వేయండి. లోపల తడిగా ఉండేది దీనివల్లే. ఉప్పు ఉండలు కట్టే ముందు వేయాలి, ముందే వేస్తే నీరు ఊరుతుంది. నిమ్మకాయంత ఉండలు చేసి, నూనె రాసిన ఇడ్లీ రేకుల్లో పెట్టి పన్నెండు నుంచి పదిహేను నిమిషాలు ఆవిరి పట్టండి. పూర్తిగా చల్లారేదాకా ముట్టుకోవద్దు. తర్వాత పెనం మీద కొంచెం నూనెతో నాలుగు వైపులా ఎర్రగా కాల్చండి. మాంసం కాలిన వాసన లాంటిది వచ్చేది ఈ ఎర్రటి పొరలోంచే. ఆవిరితో ఆపేస్తే రాదు.

ఇలా చేసినవి మసాలాలో పావుగంట ఉడికినా విచ్చవు, పైగా రసం పీల్చుకుంటాయి. ఉడికించి మెదిపిన ఉండని అలా ఉడకనిస్తే గ్రేవీ చిక్కటి పప్పైపోతుంది.

చార్మినార్ చాయ్:
జీడిపప్పు, కొబ్బరి మాట బాగుంది, అది ఒప్పుకుంటున్నాను. పులుసులో ఉడకడానికి మీ ఉండే మేలు. నా ఉండల్ని వడ్డించేముందు గ్రేవీలో వేస్తాను, ఉడకనివ్వను. కానీ అందరూ పులుసు కోసమే చేయరు. బ్రెడ్ మధ్యలో పెట్టుకోవడానికి, రొట్టెలో చుట్టుకోవడానికి, పిల్లల టిఫిన్ బాక్సుకి ఉడికించిన పప్పే సరైంది. మధ్యాహ్నానికి చల్లారినా మెత్తగా ఉంటుంది. ఆవిరి ఉండని చల్లగా తినమంటే మా పిల్లలు వెనక్కి తెచ్చేస్తారు.

డల్లాస్ మామిడి:
ఇక్కడ మా అబ్బాయి స్కూల్లో స్పగెట్టీ, మీట్‌బాల్స్ తిని వచ్చి అదే కావాలంటున్నాడు. బీఫ్ మేం తినం. రెండు ప్రశ్నలు అడుగుతాను. ఒకటి, ఒవెన్‌లో పెట్టొచ్చా? రెండోది, పచ్చిపప్పు రుబ్బిందని మా అత్తగారు భయపడుతున్నారు. బీన్స్ సరిగా ఉడక్కపోతే విషమని ఎక్కడో విన్నారట. ఆవిడకి ఏం చెప్పను? ఇంట్లో రాజ్మా కూడా చాలా ఉంది, దాంతో చేయొచ్చా?

కృష్ణాతీరం:
మామిడి గారూ, అత్తగారి భయం ఊరికే వచ్చింది కాదు. రాజ్మాలో లెక్టిన్ అనే పదార్థం చాలా ఎక్కువ, సరిగా ఉడక్కపోతే వాంతులు, విరేచనాలు అవుతాయి. కాబట్టి ఈ పద్ధతి రాజ్మాకి వద్దే వద్దు. రాజ్మాని రాత్రంతా నానబెట్టి, ఆ నీళ్లు పారబోసి, కొత్త నీళ్లలో బాగా మరిగించి మెత్తగా ఉడికించాకే ఏదైనా చేయాలి. మసూర్‌లో అది చాలా తక్కువ, ఉండ మధ్యదాకా ఆవిరి తగిలితే ఇబ్బంది లేదు. ఒక ఉండ విరిచి చూడండి, మధ్యలో పచ్చి వాసన వస్తే ఇంకో అయిదు నిమిషాలు పెట్టండి. ఉప్పు చూడ్డానికి పచ్చి ముద్ద నోట్లో వేసుకోవద్దు, చిన్న బిళ్ల పెనం మీద బాగా కాల్చి చూడండి.

ఒవెన్ అయితే ముందు ఆవిరి పట్టి, తర్వాత నూనె రాసి 200 డిగ్రీల సెల్సియస్ దగ్గర పావుగంట. మీ ఒవెన్ మీద 400 ఫారెన్‌హీట్ అనుకోండి. ఆవిరి లేకుండా నేరుగా పెడితే పైన పగిలి లోపల ఎండిపోతుంది. టమాటా సాస్‌లో పది నిమిషాలు ఉడకనిచ్చి స్పగెట్టీ మీద వేయండి.

చార్మినార్ చాయ్:
స్పగెట్టీకి మాత్రం గుండు మసూర్ ఉడికించే చేయండి మామిడి గారూ. అక్కడి షాపుల్లో బ్రౌన్ లెంటిల్స్ అని దొరుకుతుంది. పుట్టగొడుగు కూడా తాజాగా దొరుకుతుంది కదా. పుట్నాల పొడి కలిపి అరగంట ఫ్రిజ్‌లో పెట్టి ఉండలు కట్టండి. అదే 200 డిగ్రీల దగ్గర ఇరవై అయిదు నిమిషాలు, మధ్యలో ఒకసారి తిప్పండి. సాస్ విడిగా పోసి ఇవ్వండి, కలిపి ఉడికించొద్దు.

కృష్ణాతీరం:
సాస్‌లో ఉడకని మీట్‌బాల్‌కి ఆ పుల్లటి రుచి లోపలికి ఎలా వెళ్తుందండి? మామిడి గారూ, సగం అలా, సగం ఇలా చేసి అబ్బాయికి పెట్టండి. వాడు ఏది ఇంకోటి అడిగాడో ఇక్కడ రాయండి.