బాలింత పప్పు తింటే పసిబిడ్డకు కడుపునొప్పి వస్తుందా? (ఆరు వారాల పాప, రోజూ సాయంత్రం ఏడుపు)

తణుకు_పుట్టిల్లు | సోమవారం, రాత్రి 11:05

అందరికీ నమస్కారం. పాపకి రేపటితో ఆరు వారాలు. పురిటికి వచ్చి ఇంకా అమ్మవాళ్ళింట్లోనే ఉన్నాను. పగలంతా పాప బంగారం. సాయంత్రం ఆరున్నర అయ్యేసరికి ఏమవుతుందో ఏమో, మొహం ఎర్రగా చేసుకుని, కాళ్ళు పొట్టలోకి ముడుచుకుని గుక్కపట్టి ఏడుస్తుంది. తొమ్మిదిన్నర దాకా అదే తంతు. ఎత్తుకున్నా, ఉయ్యాల్లో వేసినా, పాలిచ్చినా ఆగదు. తర్వాత ఏమీ జరగనట్టు నిద్రపోతుంది. మూడో వారం నుంచీ ఇంతే.

నేను పథ్యంలో ఉన్నాను. శొంఠిపొడితో మొదటి ముద్ద, వెల్లుల్లి కారం, నెయ్యి, బీరకాయో పొట్లకాయో ఒక కూర. పప్పు, వంకాయ, బంగాళాదుంప మా అమ్మమ్మ దగ్గర నిషేధం. మంచినీళ్ళు కూడా లెక్కపెట్టి ఇస్తుంది. మొన్న ఆదివారం పెళ్ళి భోజనం ఇంటికి పంపిస్తే ఆగలేక రెండు ముద్దలు పప్పన్నం, కాస్త ఆలూ వేపుడు తినేశాను. ఆ రాత్రి పాప పదిన్నర దాకా ఏడ్చింది. ఇంట్లో తీర్పు వచ్చేసింది, ముద్దాయిని నేనే. హైదరాబాద్ నుంచి మా ఆయన ఫోన్ చేసి గ్రైప్ వాటర్ పట్టమంటున్నారు.

నా ప్రశ్న ఒక్కటే. నిజంగా నా తిండి వల్లేనా?

పెద్దమ్మ_కబుర్లు | సోమవారం, రాత్రి 11:40

అమ్మాయ్, ముగ్గురు పిల్లల్ని కన్నాను, ఏడుగురు మనవలకి నీళ్ళు పోశాను. బాలింత వాయువు చేసేవి తింటే బిడ్డకు పట్టేస్తుంది, ఇందులో వాదన ఏముంది? పూర్వం వాళ్ళు ఊరికే పెట్టలేదు పథ్యం. రెండు నెలలు నోరు కట్టుకుంటే పోయేదేముంది?

ప్రస్తుతానికి ఇంగువ గోరువెచ్చటి నీళ్ళలో అరగదీసి బొడ్డు చుట్టూ రాయి. వసకొమ్ము కాస్త సానరాయి మీద అరగదీసి నాలిక్కి రాస్తే మాటలు కూడా తొందరగా వస్తాయి. వారానికోసారి అర ఉగ్గుగిన్నెడు ఆముదం పడితే కడుపు శుభ్రపడుతుంది. దిష్టి కూడా తీసి చూడు, సందెవేళ ఏడుపంటే అదీ ఉంటుంది.

మియాపూర్_నాన్న | మంగళవారం, ఉదయం 7:15

పెద్దమ్మగారి మీద గౌరవంతోనే చెప్తున్నా, పప్పు అరిగేటప్పుడు గ్యాస్ పుట్టేది తల్లి పేగుల్లో. అది పాలల్లోకి దారి వెతుక్కుంటూ వెళ్ళదు.

ఇంకో సంగతి. ఏడుపు మూడో వారంలో మొదలైందని చెల్లెమ్మే రాసింది. పప్పు తిన్నది మొన్న ఆదివారం. మరి అంతకుముందు మూడు వారాల ఏడుపు ఎవరి ఖాతాలో రాయాలి? బీరకాయ ఖాతాలోనా?

మా బాబుకీ అచ్చం ఇదే. డాక్టర్ కోలిక్ అన్నారు. 1954లో వెస్సెల్ అనే అమెరికా డాక్టర్ దీనికి ఒక కొలత పెట్టాడట: రోజుకు మూడు గంటలకు మించి, వారానికి మూడు రోజులకు మించి, మూడు వారాలకు మించి ఏడుపు. మామూలుగా రెండు మూడు వారాలప్పుడు మొదలై, ఆరో వారానికి తారస్థాయికి చేరి, మూడు నాలుగు నెలలకి తగ్గిపోతుంది. డబ్బాపాలు తాగే పిల్లలకీ వస్తుంది. వాళ్ళమ్మ ఏం తింటే వాళ్ళకెందుకు?

చెల్లెమ్మా, మీ పాపది ఇప్పుడు సరిగ్గా ఆరో వారం. ఆదివారం అరగంట, గంట ఎక్కువ ఏడవడానికి పప్పే అక్కర్లేదు. పెళ్ళివారంటున్నారు కాబట్టి అడుగుతున్నా, ఆ రోజు పాపని ఎంతమంది ఎత్తుకున్నారు?

వరంగల్_చెల్లె | మంగళవారం, ఉదయం 9:30

ఈ పథ్యం లిస్టు ఎవరింట్లో వాళ్ళదే అక్కా. మా అమ్మ వంకాయ ముట్టొద్దంది. మా అత్తమ్మేమో లేత వంకాయ ఏం కాదు, బెండకాయే చెడ్డదంది. ఇద్దరిదీ ఒకటే జిల్లా. ఏదో ఒకటి నిజమైతే ఇంకోటి తప్పు కావాలి కదా?

ఆముదం మాత్రం వద్దు, దండం పెడతా. మా అక్క కొడుక్కి పట్టారు. బాబు ఏడుస్తుంటే నోట్లో పోశారు, కొంచెం ఊపిరితిత్తుల్లోకి పోయింది. న్యుమోనియా అని తొమ్మిది రోజులు హాస్పిటల్లో ఉన్నారు. నూనె అంత తేలిగ్గా బయటికి రాదట.

డాలస్_అమ్మ | మంగళవారం, ఉదయం 10:10

మియాపూర్ అన్నగారూ, మీరు చెప్పింది చాలావరకు నిజం, పూర్తిగా కాదు. గ్యాస్ రాదు కానీ ప్రోటీన్ వస్తుంది. నేను తాగే ఆవుపాలలోని ప్రోటీన్ కొద్దిగా నా పాలల్లోకి వచ్చి మా పాపకి పడలేదు. ఏడుపొక్కటే కాదు, విరేచనంలో జిగురు, నెత్తుటి చారలు, బుగ్గల మీద ఎగ్జిమా. డాక్టర్ చెప్పాక పాలు, పెరుగు, పనీర్, పాలపొడి కలిసిన బిస్కెట్లు అన్నీ మానేశాను. రెండు వారాల్లో తేడా తెలిసింది. మళ్ళీ పెరుగు మొదలుపెట్టి చూడమన్నారు, మూడో రోజుకే చారలు తిరిగొచ్చాయి. అప్పుడు గానీ నమ్మకం కుదరలేదు.

కాబట్టి తల్లి తిండికి సంబంధమే లేదని కొట్టిపారేయకండి. చిత్రమేంటంటే పథ్యంలో అందరూ అడ్డం పడేది పప్పుకి. నెయ్యి, పాలు మాత్రం దండిగా పోస్తారు.

పెద్దమ్మ_కబుర్లు | మంగళవారం, మధ్యాహ్నం 2:20

చూశారా మరి! తల్లి తిండే అని నేను మొదట్నుంచీ అంటున్నది. మీరు అమెరికాలో రెండు వారాలు పాలు మానేస్తే సైన్సు, మేము రెండు నెలలు పప్పు మానిపిస్తే మూఢనమ్మకం.

ఆముదం సంగతి ఆ అబ్బాయి విషయంలో అలా జరగడం బాధే. ఏడుస్తున్న బిడ్డకు ఎవరైనా పోస్తారా? మేము ఒళ్ళో పడుకోబెట్టుకుని నెమ్మదిగా పట్టేవాళ్ళం.

డాలస్_అమ్మ | మంగళవారం, మధ్యాహ్నం 2:45

తేడా ఉంది పెద్దమ్మా. నేను మానేసింది ఒక్క వస్తువు, అదీ పాపలో గుర్తులు కనబడ్డాక. మళ్ళీ తిని సరిచూసుకున్నాను. పథ్యంలో ఏ గుర్తూ చూడకుండా పది వస్తువులు ముందే మాన్పిస్తారు. బిడ్డ ఏడిస్తే పదకొండోది వెతుకుతారు.

వార్డు_సిస్టర్ | మంగళవారం, రాత్రి 9:50

డ్యూటీ దిగి ఇప్పుడే చదివాను. పధ్నాలుగేళ్ళుగా పిల్లల వార్డులో నర్సుని. ఇన్ని పోస్టుల్లో తల్లి కంచం గురించే మాట్లాడారు, పాప ఒంటి గురించి ఒక్కరూ అడగలేదు.

తణుకు అమ్మాయీ, ఏడుపు మొదలవగానే బట్టలన్నీ విప్పి మంచి వెలుతురులో పడుకోబెట్టి చూడు. కాలివేళ్ళు, చేతివేళ్ళు విడదీసి చూడాలి. బాలింతలకి జుట్టు బాగా ఊడుతుంది. ఒక్క వెంట్రుక పాప కాలివేలికి చుట్టుకుని బిగిస్తే వేలు వాచిపోతుంది, బిడ్డ గుక్క తిప్పుకోకుండా ఏడుస్తుంది. సాక్స్ తొడిగేస్తే ఎవరికీ కనబడదు. మావాళ్ళు అలాంటివి కత్తిరించి తీశారు. గజ్జల్లో ఉబ్బు ఉందా, మెడ మడతల్లో, డైపర్ కింద ఒరిసిపోయిందా, నోట్లో తుడిచినా పోని తెల్లమచ్చలున్నాయా, గోరు తగిలి కన్ను ఎర్రబడిందా చూడు. ఈ ఎండల్లో కూడా పిల్లలకి టోపీ, స్వెట్టర్, పైన టవల్ చుడతారు. వీపు తడిమి చూడు, చెమట పడితే తీసెయ్.

వీటికి ఇంట్లో వైద్యం చేస్తూ కూర్చోవద్దు, వెంటనే ఆసుపత్రికి వెళ్ళాలి: 100.4 ఫారెన్‌హీట్ జ్వరం (మూడు నెలల లోపు అది చిన్న జ్వరం కాదు), పసరు రంగు వాంతి, తాగినదంతా దూరంగా చిమ్మేలా కక్కడం, విరేచనంలో రక్తం, పాలు పట్టకపోవడం, ఉచ్చ బాగా తగ్గిపోవడం, మాడు గుంటపడడం లేదా ఉబ్బడం, బిడ్డ మగతగా వేలాడిపోవడం. ఇవేవీ లేకుండా, బరువు పెరుగుతూ, పగలు హాయిగా ఉండే బిడ్డ సాయంత్రం ఏడిస్తే అది చాలావరకు మియాపూర్ తమ్ముడు చెప్పినదే.

పెద్దమ్మగారూ, ఇది మీకోసం. కోప్పడకండి. పాలిష్ పట్టిన తెల్లన్నం, దాన్నీ గంజి వార్చి. నెయ్యి, కారప్పొడి, ఒక నీటికూర. పప్పు లేదు, మాంసం లేదు. నెలలకొద్దీ ఇలా తింటే బాలింత ఒంట్లో బి1 విటమిన్ అడుగంటుతుంది, థయమిన్ అంటారు. అది బియ్యం తవుడులో ఉంటుంది, పప్పుల్లో ఉంటుంది. మరలో కొంత పోగొట్టి, గంజిలో కొంత పారబోసి, మిగిలిన పప్పుని కూడా మనమే మాన్పిస్తున్నాం. తల్లి పాలల్లో లేకపోతే బిడ్డకి ఎక్కడినుంచి వస్తుంది?

అలాంటి బిడ్డ రెండు మూడు నెలలప్పుడు చిరాగ్గా ఏడవడం మొదలుపెడుతుంది. పాలు తగ్గిస్తుంది, కక్కుతుంది. తర్వాత గొంతు బొంగురుపోతుంది. నోరు తెరిచి ఏడుస్తూనే ఉంటుంది, శబ్దం రాదు. ఆయాసం వస్తుంది, గుండె దెబ్బతింటుంది. దీని పేరు బెరిబెరి. గుర్తుపట్టి థయమిన్ ఇంజెక్షన్ ఇస్తే గంటల్లో తేరుకుంటారు, ఆలస్యమైతే ప్రాణం దక్కదు. కాశ్మీర్‌లో, కర్ణాటకలో కూడా ఇలాంటి కేసులు డాక్టర్లు రాశారు, అక్కడా తెల్లన్నం, బాలింత పథ్యమే. బిడ్డ ఏడుస్తోందని పథ్యం ఇంకా బిగించే ఇంట్లో ఏం జరుగుతుందో ఆలోచించండి.

తణుకు అమ్మాయీ, మీ పాపకి అదే ఉందని నేను అనడం లేదు. గొంతు ఖంగుమంటోందంటే మంచిదే. నువ్వు మాత్రం పప్పు తిను, దాహమైనప్పుడల్లా నీళ్ళు తాగు. మొదటి ఆరు నెలలు పాలిచ్చే తల్లికి రోజుకు 600 కేలరీలు అదనంగా కావాలని భారత వైద్య పరిశోధన మండలి లెక్క. బీరకాయతో ఎక్కడ వస్తాయి?

మియాపూర్_నాన్న | మంగళవారం, రాత్రి 10:30

సిస్టర్‌గారూ, గ్రైప్ వాటర్ గురించి కూడా చెప్పండి. వాళ్ళాయన నాలాగే సీసా కొని వచ్చేలా ఉన్నారు. 1851లో ఇంగ్లండ్‌లో వుడ్‌వర్డ్ అనే మందుల వ్యాపారి తయారుచేసినప్పుడు అందులో ఆల్కహాల్, పంచదార కూడా ఉండేవట. పిల్లలు ఊరుకోకేం చేస్తారు!

మా ఇంట్లో అయితే పెద్దబాబుకి వాడగా మిగిలిన కడుపునొప్పి చుక్కల సీసా ఇంకా ఫ్రిజ్‌లో ఉంది. రెండోవాడికి పట్టొచ్చా?

వార్డు_సిస్టర్ | మంగళవారం, రాత్రి 10:55

ఆ సీసా మీద డైసైక్లోమిన్ అని ఉంటే ఇప్పుడే పారెయ్యండి. ఆరు నెలల లోపు పిల్లలకి అది ఇవ్వకూడదు, ఊపిరి ఆగిపోయిన కేసులున్నాయి. గ్యాస్‌కని ఇచ్చే సిమెథికోన్ చుక్కలతో ప్రమాదం తక్కువ, కానీ పరీక్షల్లో ఉత్త నీళ్ళ మందు కంటే మెరుగని తేలలేదు. గ్రైప్ వాటర్‌లో ఇప్పుడు ఆల్కహాల్ ఉండదు, అలాగని మేలు చేస్తుందనడానికి గట్టి రుజువూ లేదు. ఆరు నెలలదాకా తల్లిపాలు తప్ప మంచినీళ్ళు కూడా వద్దని డబ్ల్యూహెచ్‌వో చెబుతుంటే మధ్యలో ఈ తీపినీళ్ళు దేనికి? తేనె అయితే ఏడాది దాకా వద్దు. వస కూడా వద్దు, అమెరికాలో 1968లోనే దాన్ని తినే వస్తువుల్లో వాడకుండా నిషేధించారు.

ఇంగువ పొట్ట మీద రాసుకోండి, నాకు పేచీ లేదు.

వరంగల్_చెల్లె | మంగళవారం, రాత్రి 11:15

అయితే నేను వసపిట్టలా మాట్లాడేది వస వల్ల కాదన్నమాట, మా అమ్మకి చెప్పాలి.

అక్కా, ఇంకొకటి. మరీ తట్టుకోలేనప్పుడు పాపని ఉయ్యాల్లో వెల్లకిలా పడుకోబెట్టి ఐదు నిమిషాలు పెరట్లోకి వెళ్ళు. ఏడిస్తే ఏడవనీ. కోపంలో ఊపడం, కుదపడం ప్రమాదం. నేను ఒకరోజు ఆ అంచుదాకా వెళ్ళాను, అందుకే చెప్తున్నా.

తణుకు_పుట్టిల్లు | వచ్చే వారం గురువారం, సాయంత్రం 5:50

ఆలస్యానికి క్షమించాలి. ఆ రాత్రే కాలివేళ్ళన్నీ చూశాను, వెంట్రుకలేం లేవు. ఆదివారం పాపని ఎత్తుకున్నవాళ్ళు పదిహేనుమందికి తక్కువ ఉండరు అన్నగారూ, ఆ సంగతే మర్చిపోయాను.

డాక్టర్ దగ్గరికి వెళ్ళాం. పుట్టినప్పుడు 2.9 కిలోలు, ఇప్పుడు 4.1. ఒళ్ళంతా చూసి బాగుందన్నారు. తర్వాత నన్ను అక్కడే పాలివ్వమన్నారు. నాకు పాలు ధారగా వస్తున్నాయట. పాప గటగటా మింగుతూ, దగ్గుతూ, గాలి కూడా మింగేస్తోందట. పైగా ఐదు నిమిషాలకే పక్క మార్చేస్తున్నాను, అలాగే ఇవ్వాలని అమ్మమ్మ చెప్పింది. ఇప్పుడు వెనక్కి వాలి కూర్చుని, ఒక పక్క పూర్తయ్యేదాకా ఇస్తున్నాను. భుజాన వేసుకుని త్రేన్పు వచ్చేదాకా వీపు రాస్తున్నాం. సాయంత్రం ఆరు తర్వాత టీవీ, చుట్టాలు బంద్. డాక్టర్ నా తిండి అడిగి తెలుసుకుని కాస్త కోప్పడ్డారు, నాకు విటమిన్ మాత్రలు రాశారు.

నోట్‌బుక్‌లో రాస్తున్నాను. ముందు మూడు గంటలు ఉండేది. శనివారం గంటా నలభై. ఆదివారం పెసరపప్పు తిన్నాను, గంటన్నర. సోమవారం పప్పు తినలేదు, రెండుంపావు. నిన్న తిన్నాను, రెండు గంటలు. అమ్మమ్మకి ఈ లెక్క చూపిస్తే కళ్ళజోడు పెట్టుకుని మరీ చదివింది. పెసరపప్పు చలవ కాబట్టి సరిపోయింది, కందిపప్పు జోలికి మాత్రం వెళ్ళొద్దంది.

పెద్దమ్మ_కబుర్లు | గురువారం, సాయంత్రం 6:35

మీ అమ్మమ్మ మాటలో అర్థం ఉంది. పెసరపప్పులో ఇంగువ, వాము వేసి పోపు పెట్టమను. ఆముదం మా చిన్న మనవరాలికి నేనూ మానేశాను, ఆ అబ్బాయి సంగతి చదివాక చెయ్యి ఆడలేదు. ఇంతకీ ఇవాళ ఎలా ఉంది బుజ్జిది?

తణుకు_పుట్టిల్లు | గురువారం, సాయంత్రం 6:48

ఇప్పుడే మొదలెట్టింది పెద్దమ్మా. ఎనిమిది నిమిషాలైంది. అమ్మమ్మ ఎత్తుకుని పెరట్లో తిప్పుతోంది, నేను నోట్‌బుక్ వెతుకుతున్నాను.